ఆవము విప్పినదాక

గతమాసమున ఒక సోదరి వ్రాసిన జాబు మాకు చేరినది. ఆమె కుమార్తె చదువు ముగించి, నెలజీతమిచ్చు కొలువులో మూడేండ్లు పనిచేసి, ఇప్పుడది మానుకొని, పింగాణిపాత్రలు చేయు శిల్పమే వృత్తిగా గైకొందునని పట్టుబట్టినదట. “మన్ను పిసికి బ్రతుకుట యెట్లు? ఆవములోనుండి ఏమి వచ్చునో దానికే తెలియదే!” అని ఆ తల్లి వేదన. మేము వెంటనే బదులు వ్రాయలేకపోతిమి. పిల్ల కోరిక తప్పనుటకు మనసొప్పలేదు. తల్లి వెఱపు తప్పనుటకు అంతకన్న ఒప్పలేదు.

సోదరీమణులారా, మీ యటుకపైని ఊరగాయజాడీని ఒకమాఱు దింపి చూడుడు. దాని పైని మెఱుగు గాజే. పాత్రపై పూసిన పొడి ఆవపు వేడికి కరగి గాజై మన్నునంటుకొనును. చల్లారునపుడు రెండును సమముగా ముడుచుకొన్ననే జాడీ నిలుచును. గాజు మిక్కిలిగా ముడుచుకొన్న నెఱ్ఱెలు వాఱును. తక్కువగా ముడుచుకొన్న పెచ్చులూడును. ఇక మన్ను సంగతి. ఆరుటలోను కాలుటలోను అది నూటికి పది పండ్రెండు పాళ్లు తగ్గును. లోపల తడి మిగిలెనా, అది యావిరియై పాత్రను ప్రేల్చివేయును. మన్నులోని పలుగుఱాయి 573 డిగ్రీల వేడియొద్ద తటాలున ఉబ్బి, చల్లారునపుడు మరల అచ్చటనే ముడుచుకొనును. తొందరపడి ఆవము విప్పినవారికి చీలిన పాత్రలే దక్కును. కూరలో ఉప్పు తక్కువైన మనము కలుపుకొందుము, ఎక్కువైన మఱియేదో చేసి దిద్దుకొందుము. ఇచ్చట ఆవము మూసినపిదప చేయిపెట్టుటకు వీలులేదు.

ఇట్టి పనిని నమ్ముకొన్న యిల్లు ఏమగునో తెలియవలెనన్న ఫ్రాన్సు దేశపు బెర్నార్ పాలిస్సీ కథ వినవలయును. 1510 ప్రాంతమున పుట్టిన యీతడు సేంత్ అను పట్టణమున అద్దములపై చిత్రములు వ్రాయుచు, భూములు కొలుచుచు ఆలుబిడ్డలను పోషించుకొనుచుండెను. ఒకనాడు పూతపెట్టిన మట్టిగిన్నె యొకటి యాతని కంటబడెను. అంత చక్కని గిన్నె తానును చేయవలెనని పంతము పుట్టెను. అప్పటికి మన్ను సంగతియే అతడెఱుగడు. పని చేతికి వచ్చునప్పటికి పదునైదు పదునాఱేండ్లు గడచినవి. ఆ పాట్లన్నిటిని 1580లో అచ్చువేయించిన తన గ్రంథమున దాపరికము లేక వ్రాసికొన్నాడు.

మొదట తగరము, సీసము మున్నగువానిని నూఱి, పెంకులపై పూసి, గాజు చేయువారి కొలిమికి పంపుచుండెను. మున్నూటికి పైగా పంపగా ఒక్క పెంకు తెల్లగా మెఱయుచు వచ్చెను. ఆ యింటికి చేటు తెచ్చినది ఆ ఒక్క పెంకే యని మా యూహ. అన్నియు చెడియున్న మానుకొనియుండునేమో! అది చూచి ఉబ్బి, ఇటుకలు తన వీపుననే మోసికొనివచ్చి, ఇంటనే కొలిమి కట్టెను. ఆఱు పగళ్లు ఆఱు రాత్రులు మంటవేసినను పూత కరగలేదు. క్రొత్తపూత నూఱి మరల పెట్టునప్పటికి కట్టెలైపోయినవి. తోటలోని దడికఱ్ఱలు పెఱికి వేసెను. అవియు చాలక ఇంటిలోని బల్లలను, నేలకు పఱచిన పలకలను మంటలో వేసెను. పిచ్చియెత్తినదని కొందఱు, దొంగనాణెములు పోయుచున్నాడని కొందఱు ఊరివారు చెప్పుకొనిరి. ఇద్దఱు బిడ్డలు దాదులయొద్ద పెరుగుచుండిరి. ఆ దాదులకు జీతమిచ్చుటకు లేదు. తోడుగా పెట్టుకొన్న కుమ్మరికి కూలిక్రింద తన బట్టలే విప్పి యిచ్చెను.

తరువాతి యాపద యింకను విచిత్రము. ఈమాఱు పూత చక్కగనే కరగెను. కాని ఆవము కట్టిన అడుసులో చెకుముకిఱాళ్లు కలిసియుండెను. అవి వేడికి చిట్లి, కరగుచున్న పూతలో నాటుకొని, పాత్ర నిమిరిన చేతిని కత్తివలె కోయునట్లు నిలిచినవి. ఈ పాత్రలమ్మి బాకీ తీర్చునన్న యాసతో అప్పులవారు ఉదయముననే వచ్చి చేరిరి. తక్కువ వెలకు కొనువారును లేకపోలేదు. పాలిస్సీ ఒక్కటియు అమ్మలేదు. చెడిన సరకమ్మిన తన పేరు పోవునని అన్నిటిని ముక్కలు చేసి, పోయి పక్కమీద పడెను.

ఇంటిలో తనకు ఓదార్పు లేదనియు, నిందలే దక్కినవనియు అతడు వ్రాసెను. అది పట్టుకొని పిమ్మటివారు కొందఱు ఆ భార్యను గయ్యాళినిగా చెప్పిరి. ఇది మాకు సమ్మతము కాదు. ఆమె మాట మనకు చేరలేదు. చేరినది మగని వ్రాతయే. అన్నము తిను బల్ల మండిపోయెను. దాది జీతము బాకీ. ఇంతలో, చవుకగానైన అమ్ముడుపోవు సరకును మగడు పగులగొట్టుచున్నాడు. ఏ యిల్లాలు నోరు మూసికొని యుండును? అతని పట్టుదలకు మేమును చేతులు జోడింతుము. అయినను ఆ పట్టుదలకు కట్టెలైనది ఇల్లంతయు. నడుమ ఒకమాఱు మాత్రము దొరతనమువారి పనిగా ఆ ప్రాంతపు ఉప్పుమళ్లను కొలిచి పటము వ్రాసెను. అప్పుడు చేతికి కొంత ధనము వచ్చెను. వచ్చినంతనే మరల పూతలలో పోసెను. వారమునకు రెండుదినములు ఆ కొలతపని చేసికొనియున్న ఏమి పోయెడిది?

తుదకు పాములు, కప్పలు, చేపలు ప్రాణముతోనున్నట్లు తీర్చిన పళ్లెములు చేసి, రాజమాత కాతరిన్ ద మెదిసి మన్నన బడసెను. మతభేదముచే చెఱబడి, సుమారు 1590లో బస్తీయ్ కోటలో మృతినొందెను.

అతనికి వేడి కొలుచు సాధనము లేదు. 1886లో బెర్లిను నగరమున హెర్మన్ సెగర్ అనునాతడు మట్టితో చిన్న శంకువులు చేసెను. నిర్ణయించిన వేడి తగులగనే అవి తల వంచును. నేటి విద్యుత్తు ఆవములలో వేడి అంకెలలోనే కనబడును. ఆవములోని అనిశ్చయ మిట్లు కొంత తగ్గినది. అంగడిలోనిది తగ్గలేదు. యంత్రము చేసిన గిన్నె చవుకగా దొరకుచుండగా చేతిగిన్నె నెవరు కొందురు?

ఈ ప్రశ్న లూసీ రీ అను నామెకును ఎదురైనది. ఆమె 1902లో వియన్నా నగరమున యూదుకుటుంబమున జన్మించెను. 1937 నాటి పారిస్ ప్రదర్శనమున పతకము పొందిన శిల్పి. మఱుసటియేడే స్వదేశము విడిచి లండను చేరవలసివచ్చెను. క్రొత్తయూర ఆమె గిన్నెల నడుగువారు లేరు. యుద్ధకాలమున ఆమె యేమిచేసెననుకొన్నారు? దుస్తులు కుట్టువారికి మట్టిబొత్తాములు చేసి యిచ్చెను. వారి బట్టల రంగునకు సరిపడునట్లు ఒక్కొక్క బొత్తామునకు పూత కుదుర్చుటయే ఆమెకు పూతల పాఠశాలయైనదని మేము తలంతుము. 1946లో బొత్తాముల పనికి తోడుగా హాన్స్ కోపర్ అను యువకుడు చేరెను. ఆతడును పిదప పేరెన్నిక గన్న శిల్పియయ్యెను. బొత్తాములతో ఇల్లు గడచెను, ఇల్లు గడచినందున గిన్నెలు వచ్చెను. పచ్చిపాత్రకే పూతపెట్టి ఒక్కమాఱే కాల్చుట ఆమె పద్ధతి. 1991లో డేమ్ అను బిరుదమును పొంది, 1995లో కాలధర్మము నొందెను. ఆ పొట్టకూటి బొత్తాములనే 1989లో జపాను దేశపు వస్త్రశిల్పి ఇస్సే మియాకే తాను కుట్టించిన దుస్తులకు పెట్టించెను.

జాబు వ్రాసిన సోదరికి మా బదులిది. అమ్మాయిని మానుమని చెప్పకుడు. ఒక సాయంకాలము ప్రక్కన కూర్చుండబెట్టుకొని అడుగుడు: ఆవము విప్పిన ప్రతిమాఱు ఎన్ని నిలిచినవి, ఎన్ని పోయినవి, లెక్క వ్రాసియుంచినదా? గిన్నె యమ్ముడుపోని నెలలో తన బొత్తాములేవి? పిల్లలకు బొమ్మ చేయుట నేర్పుటయా, పూలకుండీలా, పాతకొలువే సగముదినమా? ఏదో యొకటి చెప్పనిండు. చెప్పలేకపోయిన తొందరపెట్టక నెలదినములు గడువిచ్చి మరల అడుగుడు. అంతవఱకు ఇంటిలోని పీటలు మాత్రము మీ కంటియెదుటనే పెట్టుకొనుడు. ఆమె యేమనినదో మాకు తప్పక వ్రాయుడు.