పసిపిల్లల కోరికకు ‘చివరి’ అనే విశేషణం ఎందుకు?



ఈ వార్తను మీరు చాలాసార్లు చదివే ఉంటారు. తీవ్రమైన జబ్బుతో ఉన్న ఒక చిన్నారి ఖాకీ దుస్తులు ధరించి పోలీసు కమిషనర్ కుర్చీలో కూర్చుంటుంది. అధికారులు వరుసగా నిలబడి సెల్యూట్ చేస్తారు. హైదరాబాదులోనూ, రాచకొండలోనూ ఇటువంటి సందర్భాలు జరిగాయి. లేదా ఒక సినీ కథానాయకుడు ఆసుపత్రికి వచ్చి, మంచం పక్కన కూర్చుని బిడ్డ చేయి పట్టుకుంటాడు. మరునాడు పత్రికలో ఫొటో, దానిమీద పెద్ద అక్షరాలలో ‘చిన్నారి చివరి కోరిక తీరింది’ అన్న శీర్షిక. మనం చదివి కంటతడి పెట్టుకుంటాం. మరో పదిమందికి పంపుతాం.

కోరిక తీర్చినవారిమీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. వారిలో ఎందరో ప్రతిఫలం ఆశించని స్వచ్ఛంద కార్యకర్తలు. నా అభ్యంతరమంతా ఆ శీర్షికలోని ఒక్క మాటమీదనే. ‘చివరి’ అన్న మాట చాలా సందర్భాలలో అబద్ధం. అబద్ధం కాని సందర్భాలలో క్రూరం. రెండు సందర్భాలలోనూ వైద్యపరంగా హానికరం. ఇంత తీవ్రమైన ఆరోపణ చేస్తున్నప్పుడు కారణాలు చూపించవలసిన బాధ్యత నాదే.

నేను ప్రభుత్వ ఆసుపత్రిలో పనిచేస్తున్న కాలంలో మా వార్డులో రక్తక్యాన్సర్‌కు చికిత్స పొందుతున్న పదేళ్ల బాలుడొకడు ఉండేవాడు. వాడికి బస్సు కండక్టర్ కావాలని కోరిక. ఆ ఊరి యువకులు కొందరు డిపో అధికారులతో మాట్లాడి, వాడి కొలతలకు ఖాకీ చొక్కా కుట్టించి, భుజానికి తోలుసంచి తగిలించి ఒక బస్సులో అరగంటసేపు తిప్పారు. వాడు అందరికీ టికెట్లు కొట్టాడు, ‘రైట్ రైట్’ అని గొంతు చించుకున్నాడు. వార్డుకు తిరిగి వచ్చాక రెండు రోజులపాటు నర్సుల దగ్గర కూడా టికెట్ డబ్బులు వసూలు చేశాడు. సూదిమందు వేసే వేళ ఏడుపు తగ్గింది. ఇంతవరకూ అంతా మంచే జరిగింది.

మూడో రోజు పత్రిక జిల్లా పేజీలో వాడి ఫొటో వచ్చింది. పక్క మంచం రోగి బంధువు శీర్షికను పైకి చదివాడు. నేను రౌండ్సుకు వెళ్లినప్పుడు ఆ పిల్లవాడు నన్ను అడిగాడు: “డాక్టరు గారూ, చివరి కోరిక అంటే సినిమాలో ఉరి తీసేముందు అడుగుతారు, అదే కదా?”

నా దగ్గర సమాధానం లేకపోయింది.

ఆ సాయంత్రమే ఊరినుంచి వాడి తాతయ్య వచ్చాడు. “బాబూ, పిల్లోడు ఇంక బతకడని పేపర్లోనే వేసేశారంట గదా. ఈ సూదులెందుకు, ఈ బాధెందుకు? ఇంటికి తీసుకుపోతాం” అన్నాడు. అప్పటికి ఆ బాలుడి ఎముక మజ్జ పరీక్షలో క్యాన్సర్ కణాలు కనిపించడం మానేశాయి. చికిత్స సక్రమంగా సాగుతున్నదని కేసు షీటులో నా చేతివ్రాత ఉంది. కానీ ఆ పెద్దాయనకు నా చేతివ్రాత కంటే అచ్చు అక్షరంమీదనే నమ్మకం. ఆయనను ఒప్పించడానికి మాకు రెండు రోజులు పట్టింది. ఆ బాలుడు పూర్తి చికిత్స తీసుకున్నాడు. కొన్నేళ్ల తరువాత ఇంటర్‌లో చేరుతూ ఏదో ధ్రువపత్రంమీద సంతకం కోసం నా దగ్గరకే వచ్చాడు. ఆ రెండు రోజుల్లో మేము ఓడిపోయి ఉంటే ఆ శీర్షికే నిజమై ఉండేది.

ఈ ‘చివరి’ అన్న మాట ఎక్కడినుంచి వచ్చిందో చూద్దాం. 1980లో అమెరికాలోని అరిజోనా రాష్ట్రం, ఫీనిక్స్ నగరంలో రక్తక్యాన్సర్‌తో బాధపడుతున్న క్రిస్ గ్రీసియస్ అనే ఏడేళ్ల బాలుడికి పోలీసు కావాలని ఉండేది. ఆ రాష్ట్ర పోలీసు అధికారులు వాడిని హెలికాప్టర్‌లో తిప్పి, వాడి కొలతలకు యూనిఫాం కుట్టించి, గౌరవ అధికారిగా ప్రమాణం చేయించారు. మే 3న ఆ బాలుడు మరణించాడు. ఆ అనుభవంనుంచి పుట్టినదే మేక్-ఎ-విష్ సంస్థ. దాని భారతీయ శాఖ 1996లో ముంబయిలో ఏర్పడింది. మూలకథలో ఆ కోరిక నిజంగా మరణానికి కొద్దిరోజుల ముందే తీరింది. ఆ తరువాత ఈ సేవ గురించి చెప్పే ప్రతి కథకూ మనం అదే ముగింపును తగిలిస్తూ వచ్చాం.

ఆ సంస్థ మాత్రం అక్కడే ఆగిపోలేదు. నేడు దాని నియమం ప్రకారం బిడ్డకు ప్రాణాపాయం తెచ్చిపెట్టగల జబ్బు ఉంటే చాలు. మరణం ఖాయమై ఉండనవసరం లేదు. 2013 నవంబరులో శాన్ ఫ్రాన్సిస్కో నగరంలో ఐదేళ్ల బాలుడొకడు బ్యాట్‌మాన్ వేషంలో వీధులలో తిరిగాడు. వేలాది జనం రోడ్ల పక్కన నిలబడి జేజేలు పలికారు. ప్రపంచమంతటా పేరుపొందిన ఆ కోరిక తీరేనాటికి ఆ బాలుడు రక్తక్యాన్సర్ చికిత్స ముగించుకుని ఉన్నాడు. ఐదేళ్ల తరువాత కూడా ఆరోగ్యంగానే ఉన్నాడు. అది చివరి కోరిక కాదు. ఒక కష్టమైన పరీక్ష దాటినందుకు బిడ్డకు చేసిన పండుగ.

ఇప్పుడు వైద్యశాస్త్రం ఏమంటున్నదో వినండి. పిల్లలలో ఎక్కువగా కనిపించే క్యాన్సర్ రక్తక్యాన్సరే. అందులో అత్యధికంగా వచ్చే రకానికి చికిత్స రెండునుంచి మూడేళ్లు సాగుతుంది. మొదటి నెల పూర్తయ్యేసరికి చాలామంది పిల్లల మజ్జలో జబ్బు కనిపించదు. అలాగని అక్కడితో మందులు ఆపితే అది తిరిగి వస్తుంది. అందుచేత ఈ జబ్బులో ఓపికే సగం మందు. సంపన్న దేశాలలో క్యాన్సర్ సోకిన పిల్లలలో 80 శాతానికి పైగా కోలుకుంటున్నారని, అనేక పేద, మధ్యాదాయ దేశాలలో 30 శాతంకన్నా తక్కువమందే కోలుకుంటున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఆ తేడాకు ఆలస్యంగా గుర్తించడం, మందులు అందకపోవడంతోపాటు చికిత్సను మధ్యలో మానివేయడం కూడా కారణమని అదే సంస్థ పేర్కొంటోంది. 2030 నాటికి ప్రపంచవ్యాప్తంగా కనీసం 60 శాతం మంది పిల్లలైనా బతకాలన్న లక్ష్యంతో అది 2018లో ఒక కార్యక్రమాన్ని ప్రారంభించింది.

చికిత్స మధ్యలో ఎందుకు మానేస్తారు? మన రాష్ట్రాలలో 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ వంటి పథకాలు ఆసుపత్రి ఖర్చును చాలావరకు భరిస్తున్నాయి. కానీ బస్సు చార్జీలు, నగరంలో అద్దె గది, పోయిన కూలి, ఇంటి దగ్గర వదిలివచ్చిన మరో బిడ్డ, వీటి భారం తల్లిదండ్రులమీదనే ఉంటుంది. ఈ బరువుతో ఊగిసలాడుతున్న కుటుంబానికి వెనక్కి తిరగడానికి ఒక్క మాట చాలు. ‘ఎలాగూ దక్కడు’ అని బంధువు అంటే కొట్టిపారేయవచ్చు. పత్రిక, టీవీ, సినీతార కలిసి అంటే కొట్టిపారేయడం కష్టం. సేవ చేయాలనుకునేవారు ఈ సంగతి మరువరాదు. పైద్వారా చూసేవారికి అది ఒక ఉద్వేగభరితమైన శీర్షిక మాత్రమే. ఆ కుటుంబానికి అది తీర్పు.

“డాక్టరు గారూ, కొందరు పిల్లలు నిజంగానే దక్కరు కదా, అప్పుడు ఆ మాటలో తప్పేముంది?” అని మీరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. దక్కని పిల్లలను నేనూ చూశాను. వారిలో ఒక పన్నెండేళ్ల అమ్మాయిని మరచిపోలేను. ఎవరో దాతలు వచ్చి ఏం కావాలని అడిగితే, తల్లి ముఖం చూసి ‘ట్యాబ్ కావాలి’ అంది. వాళ్లు వెళ్లాక నర్సుతో చెప్పిన మాట వేరు: “ఒక్క రాత్రి నొప్పి లేకుండా నిద్రపోవాలి.” ట్యాబ్ మూడో రోజుకే వచ్చింది. మార్ఫిన్ మాత్రం రాలేదు, ఎందుకంటే మా ఆసుపత్రిలో అప్పట్లో అది లేదు. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం నిబంధనలకు జడిసి చాలా ఆసుపత్రులు దానిని తెప్పించుకోవడమే మానేశాయి. 2014లో ఆ చట్టాన్ని సవరించి నిబంధనలను సడలించారు. అయినా ‘అలవాటు పడిపోతారు’ అన్న భయం వైద్యులలోనూ, బంధువులలోనూ ఇంకా మిగిలే ఉంది. సరైన మోతాదులో, వైద్యుని పర్యవేక్షణలో ఇచ్చే మార్ఫిన్ పిల్లలకు కూడా సురక్షితమైన మందు, ఖరీదు తక్కువైన మందు. హైదరాబాదు ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రిలో పిల్లలకు ప్రత్యేకంగా ఉపశమన చికిత్స అందిస్తున్నారు. ఆ చికిత్స చివరి ఘడియలకే పరిమితం కాదు, జబ్బు నిర్ధారణ అయిన నాటినుంచీ అందించవలసినది.

కనుక దక్కని బిడ్డ విషయంలో కూడా నా వాదన అదే. ఆ బిడ్డకు నిజం చెప్పవలసి వస్తే, దానిని తల్లిదండ్రులూ వైద్యుడూ దగ్గర కూర్చుని, బిడ్డ అడిగినంతమేరకు, అర్థమయ్యే మాటలలో చెప్పాలి. పత్రిక శీర్షిక ద్వారా తెలియజేసే హక్కు ఎవరికీ లేదు. రోగి వివరాలను గోప్యంగా ఉంచాలని వైద్యవృత్తి నియమావళి మమ్మల్ని కట్టడి చేస్తుంది. బిడ్డ పేరు, ఊరు, జబ్బు, ఫొటో, ‘ఎన్నాళ్లు బతుకుతుంది’ అన్న ఊహ, అన్నీ కలిపి ప్రచురించేవారికి ఆ కట్టడి లేదా? కోలుకున్న పిల్లవాడు పదిహేనేళ్ల తరువాత ఉద్యోగానికో, పెళ్లి సంబంధానికో వెళ్లినప్పుడు ఆ ఫొటో ఇంటర్నెట్‌లో అలాగే ఉంటుంది.

ఇంకొక ఆక్షేపణ కూడా విన్నాను. ‘ఈ డబ్బుతో మందులు కొనవచ్చు కదా, ఈ వేడుకలెందుకు?’ అంటారు. దీనితో నేను ఏకీభవించను. అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో ఒక పిల్లల ఆసుపత్రి వైద్యులు 2019లో ప్రచురించిన పరిశీలనలో, కోరిక తీరిన పిల్లలు తీరని వారికంటే అత్యవసరంగా ఆసుపత్రికి రావలసిన సందర్భాలు తగ్గినట్టు కనిపించింది. కోరికవల్లనే తగ్గాయని దానితో రుజువు కాదు. కానీ ఎదురుచూడడానికి ఒక మంచి రోజు ఉన్న పిల్లవాడు మందు మింగడానికి పేచీ తక్కువ పెడతాడని వార్డులో పనిచేసిన ఎవరైనా చెబుతారు. ఆ మేలు దక్కాలంటే కోరిక చికిత్స మధ్యలోనే తీరాలి, అంతా అయిపోయాక తీరి లాభం లేదు. ‘చివరి’ అన్న మాట ఇక్కడ కూడా అడ్డుపడుతుంది. ‘ఆ సంస్థకు మీ బిడ్డ పేరు పంపుతాను’ అని నేను అన్నప్పుడు, ‘అంటే మా బిడ్డ పోతుందా?’ అని గుండెలు బాదుకున్న తల్లులు ఉన్నారు.

అందుచేత నా విజ్ఞప్తి ఇది.

పత్రికలవారూ, ‘చివరి’ అన్న మాటను తీసివేయండి. ‘చిన్నారి కోరిక తీరింది’ అంటే వార్తకు వచ్చే లోటేమీ లేదు.

సేవాసంస్థల మిత్రులారా, కోరిక అడిగేటప్పుడు బిడ్డతో కాసేపు విడిగా మాట్లాడండి. ఒక్కసారితో సరిపెట్టకండి. ‘ఇంటికి వెళ్లాలి’, ‘నొప్పి తగ్గాలి’ అన్న సమాధానం వస్తే దానిని వైద్యుని దగ్గరకు చేర్చండి. రోగనిరోధక శక్తి పడిపోయిన బిడ్డ చుట్టూ యాభైమందిని, కెమెరాలను చేర్చకండి. అటువంటి బిడ్డకు చిన్న జ్వరం కూడా అత్యవసర పరిస్థితే. వెళ్లేముందు తెల్ల రక్తకణాల సంఖ్య ఎంత ఉందో వైద్యుని అడగండి.

వైద్య మిత్రులారా, బిడ్డ పేరును చికిత్స మొదట్లోనే పంపండి. ఇది ఆశ వదులుకోవడం కాదని తల్లిదండ్రులకు అదే రోజు వివరించండి.

ఇక చదువుతున్న మీరు. ఇటువంటి వార్త మీ ఫోనుకు వచ్చినప్పుడు శీర్షికలో ఆ మాట ఉంటే ముందుకు పంపకండి. పంపినవారికి ఎందుకు పంపకూడదో రెండు ముక్కలు రాయండి. మీ ఊరిలో అటువంటి కుటుంబం ఉంటే వారి బస్సు చార్జీలకు, అద్దె గదికి సాయపడండి. ఇంటిదగ్గర ఉన్న రెండో బిడ్డకు నాలుగు రోజులు అన్నం పెట్టండి. కోరికలను తీర్చేవారు తీరుస్తారు. తరువాతి కోరిక కోరుకోవడానికి ఆ బిడ్డ బతికి ఉండేలా చూడడం మనందరి పని.