పంచాంగం చూసి నారు పోయండి

మన పెరళ్ళలో పూలు వున్నప్పుడు ఇరుగుపొరుగులకు పంచగా మిగిలి వాడిపోయేటన్ని వుంటాయి. లేనప్పుడు దేవుడి పటానికి ఒక్కటి దొరకదు. చైత్రంలో బుట్టెడు మల్లెలు కోసిన ఇల్లాలే శ్రావణ శుక్రవారంనాడు వీధిలో పూలమ్మే ఆమెను పిలిచి, చెప్పిన ధరకే మూర కొలిపించుకుంటుంది. స్థలం చాలకనా? కాదు. అన్నీ ఒకే అదనుకు పూసేవి నాటుకోవడంవల్ల.

నర్సరీలో ఆనాడు పూసివున్న మొక్కను ముచ్చటపడి తెచ్చుకోవడం మనకు అలవాటు. అలా కాక, పూలు ఏ నెలలో కావాలో ముందు అనుకుని, అక్కడినుంచి వెనక్కు లెక్క పెట్టుకోవాలి. బంతికి విత్తు వేసింది మొదలు పూతకు రెండున్నర, మూడు నెలలు పడుతుంది. ఆషాఢంలో నారు పోస్తే దసరాకు గుమ్మాలకు తోరణాలవుతాయి. భాద్రపదం చివర మళ్ళీ పోస్తే ధనుర్మాసంలో గొబ్బెమ్మలకు అందుతాయి. అంటే మొదటి మడి ఇంకా మొగ్గమీద వుండగానే రెండవదానికి నారు మొలవాలన్నమాట. చాలామంది మరిచిపోయేది ఇదే. నారుకు పెద్ద చోటేమీ అక్కరలేదు, పగిలిన కుండ అడుగు చాలు.

మల్లె సంగతి వేరు. కార్తీకం వెళ్ళగానే నీరు కట్టిపెట్టి, పుష్యంలో పొదను మోకాలెత్తుకు కత్తిరించి, పశువుల ఎరువు వేసి, అప్పుడు నీరు పెట్టాలి. పచ్చని కొమ్మమీద కత్తెర వేయడానికి మనకు చేతులు రావు. కాని మల్లె పూసేది కొత్త చిగురుకే.

చామంతిది మరో పేచీ. రాత్రి పొద్దు పెరిగితేగాని అది మొగ్గ తొడగదు. వరండా దీపం తెల్లవార్లూ పడేచోట నాటి, పూయలేదని మొక్కను తిట్టకండి!

ఇక అసలు చిక్కు శ్రావణం. మల్లె అయిపోయింది, చామంతి రాలేదు, ఇంట్లోనేమో నోములూ వ్రతాలూను. తొలకరి పడగానే కాశీతుంబ విత్తులు చల్లితే ఆరేడు వారాల్లో పూస్తుంది. అయితే నీరు నిలిస్తే కాడ కుళ్ళిపోతుంది కనుక మడిని జానెడు ఎత్తు చేయండి. కాశీతుంబ జడలోకి పనికిరాదు, పూజకే. జడకు గోడవారగా ఒక జాజితీగ వుంటే వానలతోపాటే పూత సాగుతుంది. నందివర్ధనం, గన్నేరు ఎటూ ఏడాది పొడుగునా పూస్తూనే వుంటాయి, వాటిని ప్రహరీ పక్కకు తోసేయవచ్చు.

పది అడుగుల మడి వుంటే మూడు భాగాలు చేసుకోండి. ఒకటి పూతలో, ఒకటి ఎదుగుదలలో, ఒకటి తవ్వి ఎండబెట్టినది. కనకాంబరం వేసేవారు ముందుగా ఆ చోట ఒక కారు బంతి పెంచితే మంచిది. కనకాంబరం వేళ్ళకు పట్టే సన్న పురుగు బంతి వేళ్ళున్న నేలలో అంతగా పెరగదు.