బ్యాటరీ బండి: ఉచితంగా వచ్చేది, మీకు పనికొచ్చేది ఒకటేనా?

నడవడం కష్టమైనవారు ప్రభుత్వం ఇచ్చే బండికి దరఖాస్తు చేసుకుంటే మొదట ఎదురయ్యే ప్రశ్న ‘వైకల్యం ఎంత శాతం?’ పథకానికి మీరు అర్హులా కాదా అన్నది చాలావరకు ఆ అంకె మీదే ఆధారపడి ఉంటుంది. ఆ బండి మీకు పనికొస్తుందా అన్నది వేరే లెక్క. మీరు రోజూ ఎక్కడికి వెళ్తారు? సీటు మీదికి సొంతంగా ఎక్కగలరా? ఇవి చూసుకోకపోతే ఉచితంగా వచ్చిన బండి కూడా వసారాలో మూలన పడుతుంది.

కృష్ణా జిల్లా హనుమాన్ జంక్షన్‌నే తీసుకోండి. చెన్నై-కోల్‌కతా జాతీయ రహదారిపై ఉన్న ఊరు. నూజివీడు, గుడివాడ వైపు రోడ్లు ఇక్కడే కలుస్తాయి. నూజివీడు పేరుతో ఉన్న రైల్వే స్టేషన్ కూడా ఇక్కడే ఉంది. విజయవాడ సుమారు 40 కిలోమీటర్లు. బజారుకు, బ్యాంకుకు వెళ్లి రావడం ఒక అవసరం. ఉద్యోగానికి రోజూ గన్నవరం వెళ్లడం ఇంకో అవసరం. రెండింటికీ ఒకే బండి సరిపోదు.

ఏ పథకంలో ఏం ఇస్తారు?

కేంద్ర పథకం ఏడీఐపీ 1981 నుంచి అమల్లో ఉంది. చక్రాల కుర్చీ, చేత్తో తిప్పే ట్రైసైకిల్ లాంటివాటికి 40 శాతం వైకల్యం చాలు. బ్యాటరీ ట్రైసైకిల్‌కు మాత్రం 80 శాతం, ఆపైన ఉండాలి. ఆదాయ పరిమితి కూడా ఉంది. కాన్పూర్‌లోని ప్రభుత్వ రంగ సంస్థ అలిమ్‌కో వీటిని తయారు చేస్తుంది.

రాష్ట్ర ప్రభుత్వం విభిన్న ప్రతిభావంతులు, వయోవృద్ధుల సహకార సంస్థ ద్వారా విడతలవారీగా మూడు చక్రాల మోటారు వాహనాలు ఇస్తోంది. ఇవి స్కూటర్‌కు అదనపు చక్రాలు బిగించినవి. నియోజకవర్గానికి 10 చొప్పున మొత్తం 1,750 వాహనాలు. కాళ్లు, చేతులకు సంబంధించిన వైకల్యం 70 శాతం ఉండాలి. వయసు 18-45 మధ్య, కుటుంబ ఆదాయం ఏడాదికి రూ.3 లక్షల లోపు, చదువు కనీసం పదో తరగతి ఉండాలి.

60 ఏళ్లు దాటిన పేదల కోసం వయోశ్రీ పథకం ఉంది. 2017లో నెల్లూరులోనే దీన్ని ప్రారంభించారు. ఊతకర్రలు, వాకర్లు, చక్రాల కుర్చీలు ఇస్తారు. బ్యాటరీ బండి ఇందులో లేదు.

ఈ మూడింటి మధ్య మిగిలిపోయేవారిని చూడండి. 50 శాతం వైకల్యంతో దుకాణం నడిపే 50 ఏళ్ల వ్యక్తి, పక్షవాతం నుంచి సగం కోలుకున్నవారు, మోకాళ్లు అరిగిన పెద్దవారు. అవసరం ఉంది, శాతమో వయసో కలవదు. వీరు సొంత డబ్బుతో కొనుక్కోవాల్సిందే. అందుకే ఎంపికలో పొరపాటు జరిగితే భారం ఎక్కువగా పడేది వీరిపైనే.

ఏ బండి ఎవరికి?

• బ్యాటరీ చక్రాల కుర్చీ: అసలు నిలబడలేనివారికి. ఇంట్లో, ఆఫీసులో, చదునైన నేల మీద బాగుంటుంది.

• మొబిలిటీ స్కూటర్: నాలుగడుగులు వేయగలిగి, ఎక్కువ దూరం నడవలేనివారికి. రెండు చేతులతో హ్యాండిల్ పట్టుకోగలగాలి. చక్రాలు చిన్నవి కాబట్టి గుంతలు, స్పీడ్ బ్రేకర్ల దగ్గర ఇబ్బంది.

• బ్యాటరీ ట్రైసైకిల్: ఊళ్లో, పక్క ఊరికి తిరగడానికి. వెడల్పు ఎక్కువ కాబట్టి ఇంటి గుమ్మం దాటదు. బయటే పెట్టుకోవాలి, ఎక్కడం దిగడం సొంతంగా చేసుకోవాలి.

• కుర్చీకి తగిలించే మోటారు: మద్రాస్ ఐఐటీ, నియోమోషన్ సంస్థ కలిసి 2021లో తెచ్చిన నియోబోల్ట్ ఈ రకం. గరిష్ఠ వేగం గంటకు 25 కి.మీ. కుర్చీలోంచి లేవకుండానే రోడ్డెక్కవచ్చు.

• అదనపు చక్రాల స్కూటర్: దూర ప్రయాణాలకు, ఉద్యోగాలకు. ట్రాఫిక్‌లో నడపగల నమ్మకం, లైసెన్స్ రెండూ కావాలి.

మొదటి మూడింటిలో దేన్నీ జాతీయ రహదారిపై లారీల మధ్య నడపకండి. సర్వీసు రోడ్డు ఉంటే అదే వాడండి. రోడ్డు దాటాల్సిన చోటు ముందే చూసుకోండి.

లైసెన్స్ కావాలా?

మోటారు శక్తి 250 వాట్లు, వేగం 25 కి.మీ. కంటే తక్కువ ఉంటే చాలు అని అమ్మేవారు చెబుతుంటారు. కేంద్ర మోటారు వాహన నిబంధనల్లో బరువు పరిమితి కూడా ఉంది. పైగా గుర్తింపు పొందిన పరీక్ష సంస్థ ధ్రువీకరించాలి. ఆ పత్రం అడగండి. లేకపోతే కొనే ముందే రవాణా శాఖ కార్యాలయంలో కనుక్కోండి.

డబ్బు కట్టే ముందు

• మీరే ఎక్కి, దిగి చూడండి. సీటు ఎత్తు మీ కుర్చీ ఎత్తుకు దగ్గరగా ఉంటే జరగడం తేలిక.

• గుమ్మం, ర్యాంపు, బండి నిలిపే చోటు టేపుతో కొలవండి.

• కంపెనీ చెప్పే దూరంలో సగమే లెక్కలో పెట్టుకోండి. రోజూ వెళ్లి రావడానికి 10 కి.మీ. అయితే 20 కి.మీ. నడిచే బండి చూడండి.

• కాలువ గట్టు, వంతెన ఎక్కుళ్ల మీద నడిపి చూడండి. దిగేటప్పుడు బ్రేక్ పట్టు గమనించండి.

• బ్యాటరీ మార్చడానికి ఎంతవుతుందో రాసివ్వమనండి. 48 వోల్టులు, 20 ఆంపియర్-అవర్ బ్యాటరీ ఒకసారి నిండడానికి యూనిట్ కరెంటు కాస్త అటూఇటూ. అసలు ఖర్చు కొత్త బ్యాటరీ దగ్గరే. లెడ్ యాసిడ్ చవక, కానీ బరువెక్కువ. లిథియం తేలిక, ఎక్కువ కాలం వస్తుంది.

• వానలకు రోడ్లపై నీళ్లు నిలిచే ప్రాంతం మనది. మోటారు, కంట్రోలర్ ఎంత ఎత్తులో ఉన్నాయో చూడండి.

• చెడిపోతే మెకానిక్ ఇంటికి వస్తాడా, బండినే విజయవాడ తీసుకెళ్లాలా? ఇదీ ముందే తేల్చుకోండి.

దరఖాస్తు చేసేవారు ఏం చేయాలి?

సదరం ధ్రువపత్రం, యూడీఐడీ కార్డు సిద్ధంగా ఉంచుకోండి. ఏడీఐపీలో ముందు ఒక శిబిరంలో అర్హులను గుర్తించి కొలతలు తీసుకుంటారు. ఉపకరణాలు తర్వాత మరో శిబిరంలో ఇస్తారు. మీ మాట చెప్పాల్సింది మొదటి శిబిరంలోనే. రోజూ వెళ్లే దూరం, ఇంటి గుమ్మం వెడల్పు, ఎక్కడానికి ఎవరి సాయమైనా కావాలా అన్నది కాగితం మీద రాసి తీసుకెళ్లండి. ఒకసారి బండి తీసుకుంటే కొన్నేళ్లదాకా మళ్లీ అర్హత ఉండదు. సరిపోదనిపిస్తే సంతకం పెట్టే ముందే చెప్పండి.