అరుదైన సాకే – కాలేయానికి తెలియని గొప్పతనము

జపానులో ‘జూయోన్‌దాయ్’ అనే సాకే ఉంది. ఆ మాటకు ‘పదునాలుగవ తరము’ అని అర్థము. సాకే అంటే బియ్యమును పులియబెట్టి చేసే మద్యము. యమగతా ప్రాంతములోని మురయామాలో, 1615లో మొదలైన తకాగి కుటుంబపు తయారీశాల నుండి యీ సాకే 1994లో వెలువడింది. తీపి తక్కువగా, తేలికగా ఉండే సాకేలకు ఆదరణ ఉన్న ఆ రోజులలో, పండ్ల పరిమళము, తీయదనము గల యీ పానీయము రసికులను ఆకట్టుకుంది. ఇప్పటికీ దానిని ఎంపిక చేసిన దుకాణములకే పంపుతారు. కొన్నిచోట్ల లాటరీ తీసి అమ్ముతారు. చేతులు మారితే అసలు ధరకు ఎన్నో రెట్లు పలుకుతుంది.

ఈ ఆకర్షణను నేను తేలికగా కొట్టివేయను. మేలురకపు సాకే కొరకు బియ్యపు గింజను సగానికి సగము అరిగేటట్లు మర పడతారు. ఆవిరిపై ఉడికించిన బియ్యముపై ‘కోజి’ అనే బూజును పెంచుతారు. కోజి పిండిపదార్థమును చక్కెరగా మారుస్తుండగానే, అదే తొట్టిలో ఈస్టు ఆ చక్కెరను ఆల్కహాలుగా మారుస్తుంది. 2024 డిసెంబరులో యునెస్కో యీ విద్యను మానవాళి వారసత్వముల జాబితాలో చేర్చింది. ఆ విద్య గౌరవింపదగినదే.

కాని అరుదుతనము మన వివేకమును మరపిస్తుంది. “ఇది ఖరీదైన సరుకు డాక్టరుగారూ, హాని చేయదు” అనే మాట నా వైద్యవృత్తిలో పలుమార్లు విన్నాను. విదేశము నుండి బంధువులు తెచ్చిన సీసా అయితే ఆ నమ్మకము మరింత గట్టిది. నూరు మందులలో మద్యమే మేటి అనే పాత సామెత జపానులోనూ ఉంది.

ఇక లెక్క చూడండి. సాకేలో ఆల్కహాలు సుమారు 15 శాతము. జపానీయుల కొలత అయిన ఒక ‘గో’, అంటే 180 మిల్లీలీటర్లలో, దాదాపు 21 గ్రాముల ఆల్కహాలు ఉంటుంది. రోజుకు స్త్రీలు 20 గ్రాములు, పురుషులు 40 గ్రాములు, ఆపైన త్రాగితే జీవనశైలి వ్యాధుల ముప్పు పెరుగుతుందని జపాను ఆరోగ్యశాఖ 2024లో హెచ్చరించింది. కాలేయము ఆల్కహాలును ఎసిటాల్డిహైడుగా మారుస్తుంది. అది విషపదార్థము, కర్కటవ్రణ కారకము. దానిని త్వరగా విరిచివేసే జీవోత్ప్రేరకము జపానీయులలో నూటికి సుమారు 40 మందికి మందకొడిగా పనిచేస్తుంది. వారికి గ్రుక్కెడు త్రాగగానే ముఖము ఎర్రబడుతుంది. వారు త్రాగుడు కొనసాగిస్తే అన్నవాహికలో కర్కటవ్రణపు ముప్పు మరీ ఎక్కువ. ఎంత తక్కువ త్రాగినా పూర్తిగా క్షేమమని చెప్పలేమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో స్పష్టము చేసింది.

“ఏడాదికొకసారి దొరికే సీసాతో ఏమి నష్టము?” అని మీరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. హాని మోతాదుతో పెరుగుతుంది. ఆ ఒక్క గిన్నె వలన కలిగే ముప్పు స్వల్పమే. నా భయము ఆ గిన్నెను గురించి కాదు. అరుదైన దానిపై కలిగిన మోజు, మద్యమునకే ఒక పెద్దరికము కట్టబెడుతుంది. ఆ పెద్దరికపు నీడలో సులభముగా దొరికే సీసాలు నిత్యము ఇంటికి చేరుతాయి.

త్రాగని వారు యే పేరు విని కూడా మొదలుపెట్టకండి. త్రాగేవారు సీసాపై ధరను కాక గిన్నెలోని గ్రాములను లెక్కించండి. కాలేయము చీటీ చదవదు.