సబర్ అమ్మీది, గఫ్లత్ మనది

"కుచ్ నై బేటా, గ్యాస్ హై." అరవై దాటిన అమ్మీ, నానీ ఈ మాట అనగానే మనకెంత హాయో! ఇక డాక్టర్ దగ్గరికి పోయే పని లేదు. ఒక సోడా, చిటికెడు వాము, అంతే. నాలుగు మెట్లెక్కి ఆయాసపడితే వయసు అంటాం. ఈద్‌కి వచ్చిన చుట్టాలతో "మా అమ్మీకి ఎంత సబరో" అని గొప్పగా చెప్పుకుంటాం. ఆమె సబర్ సరే, మన గఫ్లత్ మాటేమిటి?

గుండెపోటంటే సినిమాలోలాగా గుండె పట్టుకుని కూలిపోవడమే అనుకుంటున్నాం. ఆడవాళ్లలోనూ ఛాతీనొప్పే ఎక్కువ, కాదనను. కానీ దానితోపాటో, అసలది లేకుండానో దవడ, మెడ, వీపు నొప్పి, వికారం, చల్లచెమట, ఆయాసం, ఎన్నడూ లేని నీరసం కూడా రావచ్చు. షుగర్ ఉన్నవాళ్లకైతే ఒక్కోసారి నొప్పే తెలియదు. అప్పుడు చేయాల్సింది 108కి ఫోను. దుబాయ్‌లో ఉన్న పెద్దకొడుకు ఇజాజత్ ఇచ్చేదాకా ఆగమని ఏ షరీఅత్ చెప్పింది?

ఈసీజీ తీసేది మగాడని వెనక్కి తీసుకొచ్చే ఇళ్లూ ఉన్నాయి. లేడీ టెక్నీషియన్‌ను అడగండి, అది మీ హక్కు. లేకపోతే? ప్రాణం మీదికొచ్చినప్పుడు జరూరత్ మసలా ఏమిటో మీ మౌల్వీ సాహబ్‌నే అడగండి, ముందే అడిగి పెట్టుకోండి.

గుండె బలహీనమై మందులు వాడే అమ్మీల తక్లీఫ్ వేరు. నీటిమాత్ర వేసుకుంటే మాటిమాటికీ బాత్రూంకి పోవాలి, వుజూ నిలవదు. అందుకని జుమా రోజు, షాదీకి వెళ్లే రోజు మాత్ర మానేస్తారు. సిగ్గుతో కొడుక్కి చెప్పరు. తిట్టకండి. ఏ వేళకు వేసుకుంటే నమాజ్‌కు ఇబ్బంది ఉండదో డాక్టర్‌ని అడిగి మార్పించండి. రోజూ పొద్దున నాష్తాకు ముందు బరువు చూసి క్యాలెండర్ మీద రాయండి. రెండు మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగినా, పాదాలు వాచినా, ఒక తలగడతో పడుకునే మనిషి మూడు అడిగినా, ఒంట్లో నీరు చేరుతోందేమో అనుకోవాలి. అదే రోజు డాక్టర్‌కి చెప్పాలి. ఆచార్, పాపడ్ దస్తర్‌ఖాన్ మీద పెట్టి "నువ్వు తినకు అమ్మీ" అనడం కూడా ఒక జుల్మే. ఇంటిల్లిపాదీ ఉప్పు తగ్గించండి.

ఇక రంజాన్. బీమారు మనిషికి రోజా విషయంలో రుఖ్సత్ ఖురాన్‌లోనే, సూరా బఖరాలో ఉంది. కోలుకుంటే ఖజా, కోలుకునే ఆశ లేకపోతే ఫిద్యా. అల్లాహ్ ఇచ్చిన సౌకర్యాన్ని మొహల్లా నోళ్లకు జడిసి ఆమెకు అందనివ్వం! మధ్యాహ్నం మాత్ర సెహ్రీలోకి, ఇఫ్తార్‌లోకి మనమే సర్దేస్తాం. ఏ మాత్ర సర్దొచ్చో, అసలు రోజా ఉండొచ్చో లేదో చెప్పాల్సింది డాక్టర్. అదీ షాబాన్‌లోనే అడగాలి, చాంద్ రాత్ నాడు కాదు.

మౌల్వీ సాహబులారా, షాబాన్‌లో ఒక్క జుమా బయాన్ ఈ మసలాకు ఇవ్వండి. మన మస్జిదుల్లో చాలాచోట్ల అమ్మీలు ఉండరు. వినేది కొడుకులే. వాళ్లకే చెప్పండి.