నాయనమ్మ పేరు ఏ పుస్తకంలో ఉంది?

మన వైపు ఈమధ్య వంశవృక్షం అచ్చు వేయించే ముచ్చట బాగా పెరిగింది. షష్టిపూర్తికో, అమెరికా పిల్లలొచ్చిన సంక్రాంతికో ఫ్లెక్సీ కట్టేస్తున్నారు. పైన మూలపురుషుడు, ఆయన కింద నలుగురు కొడుకులు, వాళ్ల కింద వాళ్ల కొడుకులు. కొందరు ఇంకో అడుగు ముందుకేసి పైకొమ్మను ఏ కాకతీయ సేనానికో, కొండవీటి రెడ్డిరాజుకో తగిలిస్తారు. ఆధారమేమిటంటే మా పెద్దలు చెప్పేవారంటారు. చెట్టంతా వెతికినా ఒక్క ఆడమనిషి పేరు కనపడదు. మరి ఆ నలుగురు కొడుకుల్ని కన్నదెవరో!

రాజుల చరిత్రకేం, ఎవరో ఒకరు రాసిపెడతారు. అమరావతి జమీందారు వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు 1816లో పోయాక దత్తపుత్రుల తగాదా కోర్టులు పట్టి తిరిగి తిరిగి, 1846లో లండన్ ప్రివీ కౌన్సిల్లో గానీ తేలలేదు. మొదటి దత్తుడు బతికుండగా రెండో దత్తత చెల్లదన్నారు. లా చదివినవాళ్లు ఇవాళ్టికీ దాన్ని రంగమ్మ - అచ్చమ్మ కేసనే అంటారు. ఆస్తో తగాదానో వస్తే తప్ప ఆడవాళ్ల పేర్లు కాగితమెక్కలేదు. కాబట్టి వెతకాల్సింది కూడా ఆస్తి కాగితాల్లోనే.

మన పల్లెల్లో ఆ కాగితాలకు లోటు లేదు. వాటిని చరిత్ర కోసం చదివే అలవాటే లేదు. తుళ్లూరు వైపు 2015లో రాజధాని భూసమీకరణ జరిగినప్పుడు ఇంటింటా బీరువాలు తెరుచుకున్నాయి. లింకు డాక్యుమెంట్లు బయటికొచ్చాయి, జిరాక్సులయ్యాయి, మళ్లీ లోపలికెళ్లాయి. అందులో సర్వే నంబరు చూశారు, విస్తీర్ణం చూశారు. మిగతాది ఎవరు చదివారు?

మిగతాది చదవాలి. పాత దస్తావేజు ఏదైనా తీసుకోండి. రాయించుకున్నవారి పేరు, తండ్రి పేరు, ఊరు, వృత్తి ఉంటాయి. అవి సరే. హద్దులు చూడండి: తూర్పు ఫలానావారి చేను, దక్షిణం డొంక, పడమర ఫలానావారి చేను, ఉత్తరం వాగు. ఆ ఫలానావారిద్దరిదీ మీ ఇంటిపేరే అయితే, ఒకప్పటి ఒకే చేను అన్నదమ్ములు పంచుకున్నారని చాలావరకు అనుకోవచ్చు. ఫ్లెక్సీ మీద జారిపోయిన చినతాత పత్తిచేను గట్టు అవతల దొరుకుతాడు. సాక్షుల సంతకాల్లో సాధారణంగా ఓ బావమరిదో, వియ్యంకుడో ఉంటాడు. అడుగున దస్తూరీ చేసిన కరణం పేరు సరేసరి.

ఆడవాళ్ల కోసమైతే పసుపు కుంకుమల కింద రాసిన దాఖలాలు వెతకండి. కూతురికి పెళ్లిలో రెండెకరాల నల్లరేగడి ఇచ్చి దఖలు దస్తావేజు రాయించిన తండ్రులు ఈ సీమలో బోలెడుమంది. ఆ కాగితంలో అమ్మాయి పేరు, అత్తింటి ఊరు, మొగుడి పేరు పక్కపక్కనే ఉంటాయి. వితంతువైతే మనోవర్తి దస్తావేజు ఉంటుంది. చివర ఆమె పేరు ఇంకెవరి చేతిరాతలోనో ఉండి, పక్కన "నిశాని" అని, ఓ వేలిముద్ర. కొందరు ముత్తవ్వలు ఈ లోకంలో వదిలివెళ్లిన రాత అదొక్కటే.

ఈ దస్తావేజుల నకళ్లు 1865 నుంచీ రిజిస్ట్రారు ఆఫీసుల్లో చేరుతూ వచ్చాయి. స్థిరాస్తి దస్తావేజులు ఒకటో పుస్తకంలో, వీలునామాలు మూడో పుస్తకంలో ఉంటాయి. ఆస్తి లావాదేవీలు చూపే ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) ఆన్‌లైన్లో 1983 దగ్గరే ఆగిపోతుంది. వెనక్కి వెళ్లాలంటే ఆఫీసుకు వెళ్లి పేర్ల సూచిక తిరగేయించాల్సిందే.

అంతకన్నా వెనక్కంటే ఇనాం రిజిస్టర్లు. మద్రాసు ప్రభుత్వం 1858లో ఇనాం కమిషన్ వేసి, ఊరూరా మాన్యాలు ఎవరి చేతిలో ఉన్నాయో విచారించి రాయించింది. మాన్యం మొదట ఎవరిచ్చారు, ఎవరికిచ్చారు, ఇప్పుడు అనుభవిస్తున్నదెవరు, వయసెంత అన్నీ గళ్లు గీసి నింపారు. బ్రాహ్మణ అగ్రహారాలకే కాదు, ఊరి వృత్తులకిచ్చిన మాన్యాలకూ లెక్క తీశారు. చాకలి, మంగలి, కుమ్మరి, వెట్టి కుటుంబాలవారు నూట అరవై ఏళ్ల కిందటి పెద్దను పేరుతో పట్టుకోగల దారుల్లో ఇదొకటి. మాకేం చరిత్ర ఉందండీ అనేవాళ్లు ముందు ఇది చూడాలి.

భూమే లేనివాళ్ల సంగతి? అక్కడ చర్చి పుస్తకాలు దిక్కు. ధాత కరువు వెళ్లిన మరుక్షణంలో, 1878 జూలై 3న, ఒంగోలు దగ్గర వెల్లంపల్లిలో గుండ్లకమ్మ ఒడ్డున అమెరికన్ బాప్టిస్టు మిషన్‌వాళ్లు ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. వాళ్లలో ఎక్కువమంది మాదిగలు. గుంటూరులో లూథరన్ మిషన్ 1842 నుంచే ఉంది. కరణం లెక్కల్లో చోటు దక్కని మనిషి పేరు, ఊరు బాప్తిస్మ, పెళ్లి, సమాధి పుస్తకాల్లో నిలిచే అవకాశం ఉంది.

ఎక్కడ వెతకాలో తెలియక వెనుదిరిగేవాళ్లు కూడా ఉంటారు. గుంటూరు 1859లో జిల్లాగా పోయి బందరు జిల్లాలో కలిసింది, మళ్లీ 1904లో విడిపోయింది. ఒంగోలు తాలూకా 1904 దాకా నెల్లూరుది. ప్రకాశం 1970లో పుట్టినప్పుడు మార్కాపురం, గిద్దలూరు కర్నూలు నుంచి, కందుకూరు, కనిగిరి, దర్శి, పొదిలి నెల్లూరు నుంచి వచ్చాయి. ఒంగోలు ముత్తాత కాగితం గుంటూరులో లేదని నిరాశపడితే ఎట్లా, నెల్లూరు పేరుతో వెతకాలి. దక్షిణాఫ్రికాలో ఉన్న తెలుగువారికీ ఇదే చిక్కు. 1860 నుంచి 1911 దాకా నాటాలుకు ఓడెక్కిన 1,52,184 మందికి ఓడ జాబితాల్లో తండ్రి పేరు, ఊరు, తాలూకా, జిల్లా రాశారు. ఆ జిల్లా నాటిది, నేటిది కాదు.

తేదీలు ఫసలీల్లో ఉంటే 590 కలుపుకోండి. 1310 ఫసలీ అంటే 1900 జూలై నుంచి 1901 జూన్ దాకా. స్కూలు అడ్మిషన్ రిజిస్టర్లో జూలై ఒకటిన పుట్టినవాళ్లంతా నిజంగా ఆ రోజే పుట్టారని మాత్రం నమ్మకండి. అది హెడ్‌మాస్టారు పెట్టిన పుట్టినరోజు.

నోటిమాటగా వంశాలు చెప్పిన పిచ్చిగుంట్లవారు కల్లాల రోజుల్లో వచ్చి గోత్రం, మూలపురుషుడు, వలస వచ్చిన ఊరు గడగడా అప్పజెప్పేవారు. గింజలు కొలిచి పంపేవాళ్లం గానీ, వాళ్లు చెప్పింది రాసుకున్నవాళ్లెందరు? కాగితాల గతీ అంతంతే. 1984 జనవరిలో కరణం, మునసబు ఉద్యోగాలు రద్దయ్యాయి. మంచే జరిగింది, నాకు అనుమానం లేదు. అయితే ఊరి పాత లెక్కలన్నీ భద్రంగా తాలూకా ఆఫీసు చేరాయని ఎవరూ చెప్పలేరు. ఇళ్ల అటకల మీద చెదలు తిన్నవెన్నో. మిగిలినవాటిలో పాతరాతంతా గొలుసుకట్టు. అక్షరం నుంచి కలం ఎత్తకుండా రాసిన ఆ వరస చదవగలవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంతమందే మిగిలారు.

ప్రభుత్వం రీసర్వేకు ఎన్నో కోట్లు పెట్టింది. రిజిస్ట్రారు ఆఫీసుల్లో అట్టలు ఊడిన పాత సంపుటాలనూ, ఇనాం రిజిస్టర్లనూ స్కాన్ చేయించడానికి అందులో చిన్నమెత్తు చాలు. ఆ పని వాళ్లు చేసేదాకా మనం ఆగక్కర్లేదు. ఈ భోగికి అటక దులిపేటప్పుడు దస్తావేజుల పెట్టె మంటల దాకా పోనీయకండి. ఒక్కో కాగితం ఫోనులో ఫొటో తీసుకోండి. గొలుసుకట్టు చదివే పెద్దాయన మీ ఊళ్లోనో పక్కూళ్లోనో ఇంకా ఉంటే, పండగ వెళ్లకముందే ఆయన దగ్గర కూచుని చదివించుకుని రాసిపెట్టుకోండి.