ఏడాది తర్వాత ఎలా ఉంది?

మా వంటింట్లో ఫ్రిజ్ పక్కన గోడ మీద రెండు వరసల పెన్సిల్ గీతలున్నాయి. ఎడమవైపువి పిల్లలవి, వాళ్ల ఎత్తులు, తేదీలతో సహా. కుడివైపువి నావి. అరవైకి దగ్గరపడ్డవాడు కొత్తగా ఎత్తు పెరగడు కాబట్టి ఇంటికొచ్చినవాళ్లు అవేమిటని అడుగుతుంటారు. నా కుడిచేతి వేళ్లు గోడ మీద ఎంత పైకి పాకాయో చెప్పే గుర్తులవి. మొట్టమొదటి గీత నా గడ్డం దగ్గరే ఆగిపోయింది.

గొడవ నిరుటి వానాకాలంలో మొదలైంది. దెబ్బ తగల్లేదు, జారిపడలేదు. ఒక రాత్రి కుడివైపు ఒత్తిగిల్లితే ప్రాణం జివ్వుమంది. నెల తిరిగేసరికి సిటీబస్సులో పైన కడ్డీ పట్టుకోవడం మానేశాను. బనీను తొడుక్కోవడానికి ఒక పద్ధతి కనిపెట్టుకున్నాను: ముందు నొప్పి చెయ్యి, తర్వాత తల, ఆఖర్న మంచి చెయ్యి.

ఎమ్మారై తీశారు. డాక్టరుగారు ఫిల్ముని లైటుపెట్టె మీద పెట్టి, పెన్నుతో ఒక తెల్లటి చారని చూపించి, “చిరిగింది సార్, కుట్టేద్దాం” అన్నారు. హస్తవాసి మంచిదని పేరున్న మనిషి, మర్యాదస్తుడు. బిల్లింగ్ కౌంటర్ దగ్గర అమ్మాయి అప్పటికే ప్యాకేజీ కాగితం తీసి పట్టుకుంది. ఉండబట్టలేక అడిగాను: “మీ దగ్గర ఈ ఆపరేషన్ చేయించుకున్నవాళ్లు ఏడాది తర్వాత ఎలా ఉన్నారండీ?”

ఆయన నవ్వారు. “బాగానే ఉంటారు సార్. బాగోకపోతే మళ్లీ మన దగ్గరికే వస్తారు కదా!”

నేనైతే రాను. బాగోకపోతే పక్క వీధిలో ఇంకో ఆస్పత్రికి పోతాను. మోకాలి విషయంలో మా పిన్ని చేసింది అదే.

నిజానికి ఈ ప్రశ్న నాది కాదు, నూరేళ్లు దాటిన ప్రశ్న. భుజంలో తెగిన రొటేటర్ కఫ్‌ని కుట్టి, ఆ సంగతి 1911లో రాసి వైద్యలోకానికి చెప్పిన బోస్టన్ సర్జన్ ఎర్నెస్ట్ ఎమరీ కాడ్‌మన్‌ది. కఫ్ అంటే నాలుగు కండరాల చివర్లు కలిసి, చేతి ఎముక గుండ్రటి తలని ముందు, పైన, వెనక పట్టి ఉంచే పట్టీ. కాడ్‌మన్ ఆపరేషన్ చేసి ఊరుకునే రకం కాదు. ప్రతి రోగికీ ఒక కార్డు పెట్టేవాడు. వచ్చినప్పుడు బాధ ఏమిటి, తనేమనుకున్నాడు, ఏం చేశాడు, ఏడాది తర్వాత మనిషి ఎలా ఉన్నాడు? ఫలితం బాగోకపోతే, ఎందుకు? ఈ పద్ధతికి ‘ఎండ్ రిజల్ట్’ అని పేరు పెట్టాడు. సర్జన్లకి సీనియారిటీని బట్టి కాకుండా ఈ కార్డుల్ని బట్టి పెద్దపీట వేయాలన్నాడు. అలా కుదరదన్నందుకు 1914లో మసాచుసెట్స్ జనరల్ ఆస్పత్రి ఉద్యోగం వదిలేశాడు.

అంతకు మూడేళ్ల ముందే సొంత ఆస్పత్రి ఒకటి తెరిచాడు. 1916 దాకా అక్కడ 337 మందికి వైద్యం చేసి ఇళ్లకు పంపి, తమవల్ల జరిగిన పొరపాట్లు 123 అని తనే లెక్కగట్టి అచ్చు వేయించాడు. మన ఊళ్లో ఏ ఆస్పత్రి హోర్డింగు మీదనైనా ఇలాంటి అంకె ఉంటుందేమో మీరే చూసి చెప్పండి. 1915లో కాడ్‌మన్ బోస్టన్ డాక్టర్ల సభలో పెద్ద కార్టూను ఒకటి ఆవిష్కరించాడు. ఇసకలో తల దూర్చిన ఉష్ట్రపక్షి బంగారు గుడ్లు పెట్టి డాక్టర్లవైపు తన్నుతూ ఉంటుంది. పెద్దలకి కోపం వచ్చింది, హార్వర్డ్‌లో కొలువు పోయింది. 1940లో ఆయన పోతే సమాధి మీద పేరు చెక్కిన రాయి కూడా లేదు. 2014లో సర్జన్లంతా చందాలేసుకుని పెట్టించారు.

ఆయన చెప్పింది చెవిన పెట్టకపోతే ఏమవుతుందో చూడటానికి భుజాన్ని మించిన ఉదాహరణ లేదు.

1972లో చార్లెస్ నీర్ అనే అమెరికన్ సర్జన్ ఒక సిద్ధాంతం చెప్పాడు. భుజం మీద చూరులా ఉండే ఎముక కింది పట్టీకి ఒరుసుకుంటోంది, గిలక లేని బావి గట్టుకి చేంతాడు ఒరుసుకుని పోగులు లేచినట్టు. అందుకే నొప్పి, అందుకే చిరుగు. మరి ఆ గట్టుని కాస్త చెక్కేస్తే? ఎవరు విన్నా అవునననిపించే మాట. చేయించుకున్నవాళ్లకి నొప్పి కూడా తగ్గేది. దూర్బీను గొట్టంతో చిన్న రంధ్రాల్లోంచి చేసే పద్ధతి వచ్చాక ఇక ఆపేవాళ్లు లేరు. ఇంగ్లండులో 2000లో ఇలా ఎముక చెక్కిన ఆపరేషన్లు రెండున్నర వేలు. 2010కల్లా 21 వేలు దాటాయి.

చెక్కడం వల్లే తగ్గిందా అన్నది తేల్చడానికి నలభై అయిదేళ్లు పట్టింది. ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు 32 ఆస్పత్రుల నుంచి 313 మందిని తీసుకుని చీటీలు తీసినట్టు మూడు జట్లు చేశారు. మొదటి జట్టుకి ఎముక చెక్కారు. రెండో జట్టుకి మత్తిచ్చి, రంధ్రాలు చేసి, గొట్టం దూర్చి, లోపలంతా చూసి, ఏమీ చెక్కకుండా బయటికి తీసేశారు. కుట్లు ఇద్దరికీ ఒకటే, ఎవరికి ఏం చేశారో రోగికి తెలియదు. మూడో జట్టుకి ఏ వైద్యమూ లేదు. 2017 చివర్లో లాన్సెట్‌లో ఫలితాలొచ్చాయి. ఆరు నెలలకి, 48కి మార్కులు వేస్తే చెక్కించుకున్నవాళ్లకి 32.7, ఊరికే చూసి వదిలేసినవాళ్లకి 34.2, ఏమీ చేయించుకోనివాళ్లకి 29.4. అంటే ఎముక చెక్కినందువల్ల ఒరిగిందేమీ లేదు. ఆపరేషన్‌కీ ఊరికే ఉన్నదానికీ మధ్య తేడా కూడా మనిషికి తెలిసేంత లేదు. మరుసటి ఏడాది ఫిన్లండువాళ్లు ఇలాగే పరీక్షించి, రెండేళ్లు ఆగి చూసి, ఇంచుమించు ఇదే మాట చెప్పారు. 2019లో బ్రిటిష్ మెడికల్ జర్నల్ తరఫున కూర్చున్న నిపుణులు ఈ ఆపరేషన్ వద్దని గట్టిగానే రాశారు.

ఇక్కడ నాకు ఎక్కువ నచ్చింది రెండో జట్టు. వాళ్లకి తగ్గింది కదా! పెద్ద డాక్టరు చెయ్యి వేశాడన్న ధైర్యమో, తర్వాత చేసిన కసరత్తో, మామూలుగా కాలం చేసే పనో. మొదటి జట్టుకి తగ్గింది కూడా వీటివల్లేనన్నమాట. నలభై అయిదేళ్లపాటు ఆ పేరంతా సర్జన్ల కత్తికి పోయింది.

మరి నా చిరుగు సంగతి? కుట్టడం వేరు, చెక్కడం వేరు. వైద్యపత్రికలు తిరగేసిన కొద్దీ ఆ లైటుపెట్టె మీది తెల్లచార చిన్నదైపోయింది. జపాన్‌లో ఒక పల్లెలో 664 మంది భుజాల్ని అల్ట్రాసౌండుతో చూస్తే అయిదుగురిలో ఒకరికి పైగా పట్టీ మందమంతా చిరిగి ఉంది. అందులో మూడింట రెండొంతుల మందికి నొప్పే లేదు! నెరిసిన జుట్టు లాంటిదే చాలామందికి ఈ చిరుగు.

ఇంకో విచిత్రం. 2004లో అచ్చయిన ఒక పరిశోధన ప్రకారం, సెయింట్ లూయిస్‌లో పెద్ద చిరుగులు కుట్టిన 18 మందిని కనీసం ఏడాది తర్వాత మళ్లీ పరీక్షిస్తే 17 మందికి కుట్టు నిలవలేదు. అయినా ఎక్కువమందికి నొప్పి తగ్గింది. కుట్టు ఊడినా నొప్పి పోతే మందు దేనికి పడినట్టు?

అలాగని కత్తి పట్టుకున్నవాళ్లంతా దొంగలని తేల్చేస్తే నేనూ ఆ ఉష్ట్రపక్షినే అవుతాను. నార్వేలో చిన్న, మధ్యరకం చిరుగులున్న 103 మందిలో సగం మందికి కుట్టి, సగం మందికి కసరత్తు చేయించారు. అయిదేళ్లకి తేడా కొద్దిగానే ఉంది. వాళ్లు అక్కడ ఆపలేదు. పదేళ్లకి మళ్లీ పిలిచి చూస్తే తేడా పెరిగింది, కుట్టించుకున్నవాళ్లే మెరుగ్గా ఉన్నారు. అయిదేళ్లకే ఫైలు మూసేసి ఉంటే ఆ సంగతి బయటపడేదే కాదు. బండి మీంచి పడ్డాక ఉన్నట్టుండి చెయ్యి లేవకపోతే మాత్రం నా గోడ గీతల కథ నమ్ముకుని కూర్చోకండి. అది వేరే లెక్క, త్వరగా సర్జన్‌కి చూపించాలి. షుగరున్నవాళ్లలో ఎక్కువగా కనిపించే, భుజం బిగుసుకుపోయే ఫ్రోజెన్ షోల్డర్ ఇంకో జబ్బు. ఆ పేరు పెట్టింది కూడా కాడ్‌మనే, 1934లో.

నేను కసరత్తువైపు మొగ్గాను. దెబ్బ తగలకుండా చిరిగిన 452 మందికి అమెరికాలో కసరత్తుతో మొదలుపెడితే, రెండేళ్లలో ఆపరేషన్ దాకా వెళ్లినవాళ్లు నాలుగోవంతు కూడా లేరు. వెళ్లినవాళ్లు కూడా చాలావరకు మొదటి పన్నెండు వారాల్లోనే వెళ్లారు. ఎవరు వెళతారో ముందే చెప్పిన వాటిలో అన్నిటికంటే గట్టి గుర్తు చిరుగు సైజు కాదు, కసరత్తుతో తగ్గుతుందన్న నమ్మకం ఉందా లేదా అన్నది.

ఫిజియోథెరపీ అమ్మాయి చెప్పింది: “అంకుల్, బల్లి పాకినట్టు వేళ్లతో గోడ మీద పాకించండి. నొప్పి దగ్గర ఒక్క క్షణం ఆగండి, పోట్లాడొద్దు. ఎంతవరకు వచ్చిందో గీత పెట్టుకోండి.” పది రోజులకో గీత పెట్టాను. మూడోదీ నాలుగోదీ ఒకదాని మీద ఒకటి పడ్డాయి, ఆ వారం మానేద్దామనుకున్నాను. పన్నెండో వారానికి తల దాటాను. ఏడాదికి, ఎడమచెయ్యి కంటే రెండంగుళాలు తక్కువ. ఇది కసరత్తు చేసిందో కాలం చేసిందో నేను చెప్పలేను, నా మూడో జట్టు ఎక్కడుంది?

ఏడాది తర్వాత ఎలా ఉందని అడగడం మన దగ్గర కుదరని పనేమీ కాదు. ఆరోగ్యశ్రీ 2007లో మొదలైంది. ఏ ఆపరేషన్‌కి ఎంత చెల్లించాలో అందులో రూపాయలతో సహా లెక్క ఉంది, ఆస్పత్రి గుమ్మంలో ఆరోగ్యమిత్ర ఉన్నారు. ఆ మిత్ర ఏడాది తిరిగాక రోగికి ఫోన్ చేసి, “బాబాయ్, చెయ్యి ఎంత లేస్తోంది? రాత్రి నిద్ర పడుతోందా?” అని రెండు ముక్కలు అడిగి కంప్యూటర్లో ఎక్కిస్తే, కాడ్‌మన్ జేబులో కార్డులు పెట్టుకుని తిరిగిన పని రెండు రాష్ట్రాల్లో లక్షలమందికి జరుగుతుంది. ప్రైవేటు ఆస్పత్రికి అయితే ఇది ఇంకా తేలిక. మన నంబరు వాళ్ల దగ్గర ఎప్పుడూ ఉంటుంది.

పోయిన వారం నాకు ఎమ్మారై తీసిన ఆస్పత్రి నుంచే ఫోన్ వచ్చింది. సరిగ్గా ఏడాది. నిజంగానే సంబరపడి, గోడ దగ్గరికెళ్లి ఆఖరి గీత చూసుకుంటూ, “చెప్పమ్మా” అన్నాను.

పండగ సందర్భంగా ఫుల్ బాడీ చెకప్ మీద డిస్కౌంట్ ఉందట.